కోర్టు రోడ్డు పక్క సందులో పద్నాలుగు సెషన్లు: అనంతపురంలోని ఒక కౌన్సెలింగ్ కేంద్రంపై సమీక్ష

నేను అనంతపురంలో ఉంటూ ఉరవకొండ మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. గడిచిన ఏడాదిలో మా ఇంటి నుంచి ఇద్దరం, మొదట నేను, ఆ తర్వాత మా అమ్మ, కోర్టు రోడ్డు పక్క సందులో రెండో అంతస్తులో ఉన్న ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లాం. నాకు 14 సెషన్లు పట్టాయి, అమ్మకు 8. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. సప్తగిరి సర్కిల్‌లో తుమ్మితే టవర్ క్లాక్ దగ్గర చిరంజీవ అనే ఊరు మాది. కేంద్రం పేరు చెప్పడమంటే అక్కడి బెంచీ మీద కూర్చున్న మా అమ్మ పేరు చెప్పడమే అవుతుంది. అయినా ఈ సమీక్ష రాయడానికి కారణం ఉంది. డబ్బు పెట్టి కౌన్సెలింగ్‌కు వెళ్లేవారు అక్కడ దేన్ని చూసి మంచిచెడ్డలు తేల్చుకోవాలో మాకు ఎవరూ చెప్పలేదు. పరిశోధన నిలబెట్టిన పద్ధతిని ఎంతవరకు పట్టుకోవాలి, ఎదురుగా కూర్చున్న మనిషి కోసం ఎక్కడ సడలించాలి అన్న విషయంలో వాళ్లు ఎలా నడిచారన్నదే నేను ముఖ్యంగా తూచదలచుకున్నాను. గోడల రంగు, ఫీజు, ఫ్యాను చప్పుడు వంటివి చివర్లో చెబుతాను.

నా ఇబ్బంది రెండేళ్ల కిందట వేసవిలో, కూడేరు దాటాక, నిండుగా ఉన్న బస్సులో మొదలైంది. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందనట్లయింది, ఇక ఇంతే అనిపించింది. కండక్టరు బస్సు ఆపించి నీళ్లు తాగించాడు. తర్వాత ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేయించుకుంటే అన్నీ సక్రమంగానే ఉన్నాయి. స్టాఫ్ రూములో అందరూ గ్యాస్ అని తేల్చారు కాబట్టి నాలుగు నెలలు పరగడుపున గ్యాస్ మాత్రలు మింగాను. దడ మాత్రం వారానికి రెండుసార్లు వచ్చి పలకరించిపోయేది. బస్సు మానేసి తోటి మాస్టారి బండి వెనక కూర్చున్నాను, అదీ చేతకాక మెడికల్ లీవు పెట్టాను. చివరికి గుండె డాక్టరుగారే మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన దీన్ని పానిక్ డిజార్డర్ అంటారని చెప్పి, ఒక మాత్ర రాసి, మాత్రతోపాటు కౌన్సెలింగ్ కూడా తీసుకోమన్నారు. ఆ మాత్రను నేను ఇప్పటికీ వాడుతున్నాను కాబట్టి నా కుదుటపాటులో మందు వాటా ఎంత, మాటల వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. చదివేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మొదటి సెషన్‌లో నేను అడిగిన మొదటి ప్రశ్న, ఈ పద్ధతితో ఎంతమందికి తగ్గిందని. గణితం చెప్పేవాడి అలవాటు అది. కౌన్సెలర్ మేడమ్ దాటవేయలేదు. "వందమందిలో సుమారుగా ఎందరికి తగ్గుతుందో పుస్తకాలు చూసి చెప్పగలను సార్. ఆ వందలో మీరు ఎటువైపో ఏ పుస్తకమూ చెప్పదు. ఆరో సెషన్‌కల్లా అది మనిద్దరికీ తెలుస్తుంది" అన్నారు. తర్వాత ఒక తెల్ల కాగితం మీద మూడు వృత్తాలు గీశారు. ఒకటి అందుబాటులో ఉన్న మేలైన పరిశోధన, రెండోది చికిత్స చేసేవారి అనుభవం, నేర్పు, మూడోది ఎదుటి మనిషి స్వభావం, సంస్కృతి, ఇష్టాయిష్టాలు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2005లో ఆమోదించిన విధానం ఈ మూడింటి కలయికనే ఆధారసహితమైన చికిత్సగా నిర్వచించింది. వైద్యంలో డేవిడ్ సాకెట్, ఆయన సహచరులు 1996లోనే ఇంచుమించు ఇదే చెప్పారు. మూడు వృత్తాలు గీయడం సులువు. అవి ఒకదాన్నొకటి తోసుకున్నప్పుడు ఏం చేస్తారన్నదాన్ని బట్టి కేంద్రం విలువ కట్టాలి, మా ఇంట్లో ఆ తోపులాట నాలుగుసార్లయినా జరిగింది.

పానిక్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ) అనే పద్ధతికి బలమైన పరిశోధన ఉంది. దాని వెనకనున్న ఆలోచనను ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ క్లార్క్ 1986లో వివరించాడు. ఒంట్లో కలిగే మామూలు మార్పును మనసు ప్రమాదంగా చదువుకుంటుంది, ఆ చదువుకోవడం వల్ల భయం పుడుతుంది, భయం వల్ల దడ ఇంకా పెరుగుతుంది, పెరిగిన దడ మొదటి అనుమానానికి సాక్ష్యమవుతుంది. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలు దీనికి మొత్తం 7 నుంచి 14 గంటల సీబీటీని సూచిస్తాయి. మేడమ్ 50 నిమిషాల సెషన్లు పన్నెండు అన్నారు, అంటే 10 గంటలు. నాకు పట్టిన పద్నాలుగింటికి లెక్క వేస్తే 11 గంటల 40 నిమిషాలయింది. ఎవరైనా మొదటి రోజే నలభై సెషన్ల ప్యాకేజీ చేతిలో పెడితే ఈ అంకెలు గుర్తు తెచ్చుకోవచ్చు. అయితే సమస్యలు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయినవారికి ఎక్కువ కాలం పట్టడం సహజమే, దాన్ని తప్పుపట్టలేం.

మొదటి తోపులాట నాతోనే. ఈ చికిత్సలో కీలకం, భయపడే చోటికి కొంచెం కొంచెంగా వెళ్లడం, భయపెట్టే దడను కావాలని తెచ్చుకుని చూడడం. బస్సు ఎక్కమని మాత్రం అనవద్దని నేను ఖండితంగా చెప్పాను. ఆమె సరేనన్నారు. మూడు వారాలు నెమ్మదిగా ఊపిరి పీల్చడం, కండరాలను వదులు చేయడం నేర్పారు. నాకు చాలా హాయిగా ఉండేది. నా మాట విన్న మొదటి మనిషి ఈమేననిపించింది. నాలుగో సెషన్‌లో ఆమె ఒక గ్రాఫు ముందు పెట్టారు. వారం వారం నేను నింపిన ప్రశ్నావళి మార్కులు గీతలా సమంగా ఉన్నాయి, ఎక్కడా దిగలేదు. అప్పుడు ఆమె అన్న మాటను నేను మరచిపోలేను. "మీ ఇష్టాన్ని గౌరవిస్తున్నానని అనుకున్నాను సార్. నిజానికి మీ భయానికి నేను వంత పాడాను. ఇది నా పొరపాటు." గ్లెన్ వాలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2009లో రాసిన వ్యాసం ఈ పొరపాటు గురించే. చికిత్స చేసేవారు పనిచేసే పద్ధతి తెలిసి కూడా, ఎదుటివారు నొచ్చుకుంటారేమోనన్న తమ సొంత జంకుతో దాని నుంచి మెల్లగా జారిపోతారని ఆయన చూపాడు. మూడు సెషన్ల ఫీజు దండగైందని లెక్క ప్రకారం నేను గింజుకోవాలి. గ్రాఫు చూపించి తప్పు ఒప్పుకునేవారు నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎంతమంది కనిపించారని ఆలోచించి ఊరుకున్నాను.

అక్కడి నుంచి పని నిజంగా మొదలైంది. నాకు రక్తపోటు ఉంది కాబట్టి దడ తెప్పించే అభ్యాసాలకు ముందు గుండె డాక్టరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెమ్మన్నారు. అది తెచ్చాకే కుర్చీలో గిరగిరా తిరగడం, ఒక నిమిషం గబగబా ఊపిరి తీయడం, సన్నటి స్ట్రాతో శ్వాసించడం, మెట్లు ఎక్కి దిగడం చేయించారు. తర్వాత బస్సు. మొదట స్టాండులో ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం, తర్వాత కూడేరు వరకు, ఆ తర్వాత పెన్న అహోబిలం వరకు, చివర ఉరవకొండ. ప్రతి ప్రయాణానికి ముందు ఏం జరుగుతుందనుకుంటున్నానో, అది జరిగే అవకాశం నూటికి ఎంతో పుస్తకంలో రాయాలి. దిగాక ఏం జరిగిందో రాయాలి. మిషెల్ క్రాస్క్, ఆమె సహచరులు 2014లో వివరించిన పద్ధతి ఇది. భయం అక్కడికక్కడే తగ్గిందా లేదా అన్నదాని కన్నా, అనుకున్న కీడు జరగలేదని తెలిసిరావడం మీద ఇది ఎక్కువ దృష్టి పెడుతుంది. నా నోటుపుస్తకంలో 22 ప్రయాణాలున్నాయి. స్పృహ తప్పుతానని 22 సార్లు రాశాను, మొదట 80 శాతమని, చివర 5 శాతమని. స్పృహ తప్పింది సున్నా సార్లు. పదో తరగతి పిల్లలకు సంభావ్యత చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ నోటిదాకా వస్తుంది గానీ చెప్పలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం చెబుతాను. ఈ చికిత్సలో రక్షణ కోసం చేసే అలవాట్లు అని ఒక అంశం ఉంటుంది. కండక్టరు వెనక సీటులోనే కూర్చోవడం, నీళ్ల సీసా లేకుండా కదలకపోవడం, పక్కింటాయన సలహా మీద నాలుక కింద పెట్టుకునే మాత్రల పట్టీని చొక్కా జేబులో ఉంచుకోవడం వంటివి. ఇవి ఉన్నంతకాలం, నేను బతికి బయటపడింది వీటివల్లేనని మనసు నమ్ముతుంది కాబట్టి వీటిని ఒక్కొక్కటిగా మానాలి. జాబితా రాస్తున్నప్పుడు నా ముంజేతికి ఉన్న కసాపురం ఆంజనేయస్వామి దారం ఆమె కంటపడింది. పుస్తకాన్ని అక్షరాలా పట్టుకునేవారైతే దాన్నీ జాబితాలో చేర్చేవారు. సంస్కృతి అన్న మాట వినగానే వెనక్కి తగ్గేవారైతే అడిగేవారే కాదు. ఆమె ఒకే ప్రశ్న అడిగారు: "ఈ దారం బస్సులో దడ రాకముందు నుంచే ఉందా సార్, తర్వాత కట్టుకున్నారా?" గుంతకల్లులో చదువుకునే రోజుల నుంచి ఏటా శ్రావణంలో కట్టించుకుంటానని చెప్పాను. "అయితే అది మీది. ఉండనివ్వండి. మాత్రల పట్టీ భయానిది, దాన్ని ఇంట్లో పెట్టి రండి" అన్నారు. అన్నట్టు, ఆ మాత్రలు నాకు రాసిచ్చినవి కావని గుండె డాక్టరు విడిగా చీవాట్లు పెట్టారు.

దారం దగ్గర ఇంత సున్నితంగా నడిచిన మనిషి దండకం దగ్గర తడబడ్డారు. దడ మొదలుకాగానే నేను బస్సులో ఆంజనేయ దండకం చదువుకునేవాణ్ణి. అది కూడా భయానిదే కావచ్చని, బస్సులో చదవకుండా చూడమని ఆమె అన్నారు. దేవుణ్ణి కూడా మాత్రల పట్టీతో కలిపి కట్టేస్తారా అని నాకు కోపం వచ్చి రెండు వారాలు వెళ్లలేదు. జాషువా స్విఫ్ట్, రోజర్ గ్రీన్‌బర్గ్ 2012లో 669 అధ్యయనాలను కలిపి చూస్తే, మానసిక చికిత్సకు వచ్చినవారిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరు మధ్యలోనే మానేస్తారని తేలింది. ఆ ఒకరిలో నేను చేరబోయాను. మేడమ్ ఫోను చేసి బతిమాలలేదు, ఒక సందేశం మాత్రం పంపారు: తాను అడిగిన తీరు సరిగా లేదని, వస్తే ఇద్దరం కలిసి పరీక్షించి చూద్దామని.

ఆ పరీక్ష నాకు బాగా నచ్చింది. నాలుగు ప్రయాణాలు దండకంతో, నాలుగు దండకం లేకుండా చేయాలి, ఏది ఎప్పుడన్నది చీటీ తీసి నిర్ణయించుకోవాలి. బస్సు ఎక్కేటప్పుడు, దారిలో, మర్నాడు మళ్లీ ఎక్కేటప్పుడు భయాన్ని సున్నా నుంచి నూరు వరకు మార్కులు వేసి రాయాలి. దండకం చదివిన రోజుల్లో దారిలో భయం తక్కువగా ఉంది, కానీ మర్నాడు ఎక్కేటప్పటి భయం తగ్గలేదు. చదవని రోజుల్లో దారిలో భయం ఎక్కువగా ఉంది, మర్నాడు ఎక్కేటప్పుడు మాత్రం తగ్గింది. ఎనిమిది ప్రయాణాలతో ఏదీ రుజువు కాదని పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే. అయినా నా సంగతి తేల్చుకోవడానికి నా చేతిలో అంతకన్నా మంచి ఆధారం లేదు. ఇప్పుడు దండకం తెల్లవారుజామున స్నానం చేశాక చదువుతున్నాను, చిన్నప్పటి నుంచి చదివినట్లే. బస్సులో గాలిమరలను చూస్తూ కూర్చుంటున్నాను.

అమ్మ సంగతి వేరు. మా నాన్న పోయిన ఎనిమిదో నెలలో ఆమెను తీసుకువెళ్లాను. వయసు 74. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోయేది, చిక్కిపోయింది, అర్ధరాత్రి లేచి వసారాలో కూర్చునేది, ఎవరు పలకరించినా ఏముందిలే నాయనా అనేది. మేడమ్ ముందుగా రక్తహీనత, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకురమ్మన్నారు. వృద్ధులలో వీటి లోపాలు కూడా దిగులులాగే కనిపిస్తాయట. ఆ తర్వాత వచ్చిన చిక్కు, ఇది దుఃఖమా, జబ్బా అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం వదలని దుఃఖాన్ని రుగ్మత అనడానికి కనీసం 6 నెలలు దాటాలి. అమెరికా మానసిక వైద్యుల రుగ్మతల పుస్తకం డీఎస్ఎం 2022 సవరణ ప్రకారం పెద్దవారికి 12 నెలలు దాటాలి. ఎనిమిదో నెలలో ఉన్న మా అమ్మ ఒక పుస్తకం ప్రకారం ఆ గడువు దాటింది, మరో పుస్తకం ప్రకారం దాటలేదు. మన ఇళ్లలో సంవత్సరీకం దాకా ఆడమనిషి దుఃఖానికి ఎవరూ గడువు పెట్టరు కాబట్టి రెండో పుస్తకం మనవాళ్లు రాసిందేమో అనిపించింది. మేడమ్ ఆ వాదనలోకి దిగలేదు. నాన్న గొంతు వినిపించినట్లు ఉండడం, ఆయన కంచం కడిగి పెట్టడం వంటివి దుఃఖంలో మామూలేనని, వాటిని మాన్పించే ప్రయత్నం చేయవద్దని మాకు చెప్పారు. తిండి, నిద్ర పోయి మనిషి నీరసించిపోవడాన్ని మాత్రం సంవత్సరీకం దాకా ఆపకుండా ఇప్పుడే పట్టించుకోవాలన్నారు.

దిగులు ఎంత తీవ్రంగా ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పత్రంలో అమ్మకు 27కి 16 వచ్చింది. 15 నుంచి 19 వరకు ఓ మోస్తరు తీవ్రం కింద లెక్క. ఆ పత్రం తెలుగులోనే ఉన్నా అది అమ్మ తెలుగు కాదు. చదివి వినిపిస్తే మొదట అన్నిటికీ లేదు లేదు అంది. మేడమ్ కాగితం పక్కన పెట్టి, "అవ్వా, పని మీదికి పానం పోతాందా?" అని అడిగాక అసలు మాటలు బయటికి వచ్చాయి. చావు తలపులను గురించిన తొమ్మిదో ప్రశ్నను నన్ను బయటికి పంపి అడిగారు. అమ్మ ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు తెలియదు. నేను కొడుకును, ఫీజు కట్టేవాణ్ణి, నాకు చెప్పాలి కదా అని పట్టుబట్టాను. ప్రమాదం ఉంటే తప్పక చెబుతానని, లేనప్పుడు అవ్వ అనుమతి లేకుండా ఒక్క మాట కూడా చెప్పనని, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆమెకు గోప్యత హక్కు ఇచ్చిందని మేడమ్ కరాఖండిగా చెప్పారు. ఆ రోజు ముఖం మాడ్చుకుని ఇంటికి వచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే నా సెషన్లలో నేను చెప్పుకున్నవి అమ్మ చెవిన పడకపోవడానికి కారణం కూడా ఆ నియమమే.

నాకు ఇచ్చినట్లు ఆలోచనలు రాసుకునే పట్టికలు అమ్మకు ఇవ్వలేదు, ఆమెకు చదువు రాదు. బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఎంచుకున్నారు. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, మనిషికి విలువైన పనులను చిన్న చిన్నగా మొదలుపెట్టించి, వాటి వెంబడే మనసు తేరుకునేలా చూడడం దీని సారాంశం. దీనికి మన దేశపు ఆధారమే ఉంది. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానసిక వైద్యంలో ముందు చదువేమీ లేని కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేయించారు. మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్ పొందినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతం.

ఈ రెండు అంకెలను నేను ఇంట్లో చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. కౌన్సెలింగ్ లేకున్నా వందకు 39 మంది లేచారు. కౌన్సెలింగ్ ఉన్నా 36 మంది లేవలేదు. మధ్యలో ఉన్న 25 మందికి మాత్రమే అది తేడా చేసింది. మా అమ్మ ఆ ముప్పై తొమ్మిదిలో ఉందో, ఇరవై ఐదులో ఉందో, ముప్పై ఆరులో ఉందో పేరు పెట్టి చెప్పగల పరిశోధన ఉండదు. దీనికి తోడు మరో సంగతి మేడమే చెప్పారు: ఆ అధ్యయనంలో చేర్చుకున్నది 18 నుంచి 65 ఏళ్ల వారిని. మా అమ్మ ఆ గీతకు తొమ్మిదేళ్లు అవతల ఉంది. "ఇది అవ్వకు పనిచేస్తుందని నా దగ్గర నేరుగా ఆధారం లేదు. పనిచేయకపోవడానికి కారణమూ కనిపించడం లేదు. నాలుగు సెషన్లు చూద్దాం, మార్కు దిగకపోతే డాక్టరుగారితో మందు గురించి మాట్లాడదాం" అన్నారు. ఆధారం ఎక్కడ ఆగిపోతుందో చెప్పి, అక్కడి నుంచి ఎంత దూరం వెళ్లి ఆగి చూస్తారో కూడా ముందే చెప్పడం నాకు నమ్మకం కలిగించింది. అన్నిటికీ సైన్సు ప్రకారమే చేస్తామని చెప్పి ఏ సైన్సో చెప్పనివారిని అంతకుముందు రెండుచోట్ల చూశాను.

అమ్మకు విలువైన పని ఏదని మేము ముగ్గురు పిల్లలం గుడి, టీవీ, మనవళ్లు అని మూడు సమాధానాలు చెప్పాం. మేడమ్ అమ్మనే అడిగితే, విత్తనం కాయలు వొలవాలని చెప్పింది. యాభై ఏళ్లుగా తొలకరికి ముందు వేరుశనగ విత్తనం ఆమె చేతులమీదుగానే పొలానికి వెళ్లింది. నాన్న పోయాక పొలం గుత్తకిచ్చి, ఆమెకు శ్రమ తప్పించామనుకుని ఆ పని తీసేశాం. రైతును అడిగి ఒక మూట కాయలు తెచ్చి ఇంట్లో వేశాను. మొదటి వారం రోజుకు పది నిమిషాలు కూర్చుంది. మూడో వారానికి పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చి చేరారు, మాటలు మొదలయ్యాయి, నాన్నను తలచుకుని ఏడవడమూ అక్కడే, మధ్యాహ్నం కలిసి తినడమూ అక్కడే.

మధ్యలో మేడమ్ సెలవులో ఉండి ఒక కొత్త అమ్మాయి రెండు సెషన్లు చూసింది. అవి వృథా. ఆ అమ్మాయి కాగితం చూసి చదివింది, అమ్మ చెప్పే ఊరి కథలను మధ్యలో ఆపి, ఇప్పుడు మీ బాధ సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగింది. "బాధను కొలిచేదానికి శేరు పెట్టుకున్నావా పాపా?" అని అమ్మ లేచి వచ్చేసింది. మేడమ్ తిరిగి వచ్చాక ఆ మాటనే పట్టుకుని, ఈ వారం శేరుడా, అర్ధశేరుడా అని అడగడం మొదలుపెట్టారు. అమ్మ నవ్వి, సరిగ్గా ఆలోచించి చెప్పేది. ఇక్కడొక విషయం గమనించాను. శేరు లెక్క బాగుందని తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని వదిలేయలేదు. రెండు వారాలకొకసారి అదీ నింపించారు, ఎందుకంటే అర్ధశేరు బాధను రేపు మందు రాసే డాక్టరు దేనితోనూ పోల్చుకోలేడు. ఎనిమిదో సెషన్‌కు ఆ మార్కు 7కు దిగింది. కాలం గడిచినందువల్ల కొంత దిగి ఉండవచ్చు. మనిషి అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నప్పుడే సాయానికి వెళతాడు కాబట్టి ఆ తర్వాత ఎలాగూ కొంత మెరుగే కనిపిస్తుంది. చికిత్స లేకున్నా చాలామంది కోలుకుంటున్నారు కదా అని హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1952లో వేసిన ప్రశ్నలో ఈ మేరకు న్యాయం ఉంది. అయితే 1977లో మేరీ స్మిత్, జీన్ గ్లాస్ 375 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, చికిత్స పొందిన సగటు మనిషి చికిత్స పొందనివారిలో 75 శాతం మంది కన్నా మెరుగ్గా ఉన్నాడని చూపారు.

ఇక మిగిలినవి. మేడమ్ క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. చేశారు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు గోడమీద ఉంది. సైకాలజిస్టు అన్న బోర్డు చూసి వెళ్లేవారు ఆ నంబరు అడగడానికి మొహమాటపడకూడదు. సెషన్‌కు 800 రూపాయలు, అమ్మకు 500 తీసుకున్నారు. నెలకు నాలుగు సెషన్లంటే చిన్న జీతగాళ్లకు భారమే. వెయిటింగ్ హాలు పెద్ద లోపం. కుర్చీలు ఎదురెదురుగా వేశారు; మూడో సెషన్ రోజు నా విద్యార్థి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు, ఇద్దరం అరగంట సేపు క్యాలెండరు చూశాం. గదుల మధ్య ప్లైవుడ్డు గోడ, పక్కగదిలో గొంతు పెంచితే వినపడుతుంది. గోప్యత గురించి చట్టం చెప్పగలిగినవారు గోడ మందం గురించి కూడా ఆలోచించాలి. లిఫ్టు లేదు, అమ్మ రెండు అంతస్తులు ఎక్కలేక ప్రతి మలుపులో కూర్చునేది. సాయంత్రం ఆరు తర్వాత సమయం దొరకడం కష్టం.

ఖర్చు భరించలేనివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నేను లీవులో ఉన్న రోజుల్లో ఒక రాత్రి దానికి ఫోను చేశాను, అవతలి వ్యక్తి ఓపికగా విన్నారు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఎంచుకున్న పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మరోపక్క, దేశంలో 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా తయారైంది 1980లలో బళ్లారి జిల్లాలో, అంటే నేను భయపడి దిగిపోయిన ఆ బస్సు దారి చివర.

చివరి ఫిర్యాదు సమ్మతి పత్రం గురించి. నాలుగు పేజీల పత్రం, మొత్తం ఇంగ్లీషులో ఉంది. అమ్మ చేత దానిమీద వేలిముద్ర వేయించారు. మేడమ్ నోటితో వివరించిన మాట నిజమే, కానీ వేలిముద్ర పడింది ఆమెకు అర్థంకాని కాగితం మీద. శేరుతో బాధను కొలవగలిగినవారికి ఆ నాలుగు పేజీలు తెలుగులో రాయించడం పెద్ద పని కాదు. జనవరిలో అడిగితే రాయిస్తున్నామన్నారు. మొన్న శనివారం ఆరు నెలల ఫాలో-అప్‌కు వెళ్లినప్పుడు మళ్లీ అడిగాను, ప్రింటింగ్ ప్రెస్సులో ఉందని చెప్పారు.